ఇరుక్కుపోయిన బిల్లు డబ్బు రాబట్టుకోవడం ఎలా: సూక్ష్మ, చిన్న సంస్థలకు

సరుకు వెళ్లింది, బిల్లు ఇచ్చారు, గడువు దాటింది, డబ్బు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే "వచ్చే వారం చూద్దామండి" అంటారు. ఆ వచ్చే వారం ఎప్పటికీ రాదు. ఇలాంటప్పుడు చాలామంది రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. మొహమాటంతో ఏడాది పాటు ఊరుకుంటారు, లేదా కోపమొచ్చి ఒక్కసారిగా లాయర్ నోటీసు పంపుతారు. ఈ రెండింటికీ మధ్య చేయాల్సిన పని చాలా ఉంది. దాన్ని వరుసగా చేస్తే కోర్టు గడప తొక్కకుండానే చాలా బాకీలు వసూలవుతాయి. తొక్కాల్సి వచ్చినా చేతిలో సరైన కాగితాలు ఉంటాయి.

ఇక్కడ చెప్పేది వేరే వ్యాపారానికి అప్పు మీద సరుకు అమ్మిన, సర్వీసు చేసిన భారతదేశంలోని చిన్న యూనిట్ల కోసం.

1. ఫోన్ చేయకముందే ఫైలు కట్టండి

ఒక్కో పార్టీకి ఒక్కో ఫైలు. అందులో పర్చేజ్ ఆర్డరు, ఇన్వాయిస్, డెలివరీ చలాను, ఈ-వే బిల్లు, ట్రాన్స్‌పోర్టు వాళ్లిచ్చిన ఎల్‌ఆర్ (లారీ రసీదు), ఆ పార్టీ లెడ్జర్, ఇంతవరకూ నడిచిన మెయిళ్లు ఉండాలి. సర్వీసైతే పని పూర్తయిందని వాళ్ల మేనేజరు రాసిచ్చిన కాగితం పెట్టండి. అది లేకపోతే "ఫైళ్లు అందాయి, ఓకే" అని వాళ్లు పంపిన మెయిలైనా పనికొస్తుంది.

డెలివరీ చలానును ఒకసారి దగ్గరగా చూడండి. గేటు దగ్గర సెక్యూరిటీ వేసే ఇన్‌వర్డ్ స్టాంపు బండి లోపలికి వెళ్లిందని మాత్రమే చెబుతుంది. స్టోర్స్ వాళ్లు లెక్కపెట్టి జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు రాసే నోటు) వేస్తేనే అకౌంట్స్‌లో మీ బిల్లు కదులుతుంది. అందుకే చలాను మీద తీసుకున్నవారి పేరు, సంతకం, తేదీ, కంపెనీ స్టాంపు నాలుగూ ఉండాలి. వీలైతే జీఆర్‌ఎన్ నంబరు కూడా పెన్నుతో రాయించుకోండి. వంకర గీత ఒక్కటే ఉన్న చలాను రేపు గొడవ వస్తే "ఆ సంతకం మా వాళ్లది కాదు" అన్న ఒక్క మాటకు పనికిరాకుండా పోతుంది.

తర్వాత పేర్లు సరిచూడండి. ఆర్డరు ఒక కంపెనీ పేరు మీద వచ్చి, బిల్లు వాళ్ల సిస్టర్ కన్సర్న్ పేరు మీద వెళ్లి, డబ్బు మూడో ఖాతా నుంచి పడే వ్యవహారాలు చాలా ఉంటాయి. స్నేహం బాగున్నన్నాళ్లూ ఇది ఎవరికీ కనపడదు. చెడినప్పుడు మాత్రం "మాకు మీరు సరుకే ఇవ్వలేదు" అనేస్తారు. ఆర్డరు, బిల్లు, చలాను మూడింటి మీదా ఒకే పేరు, ఒకే జీఎస్టీ నంబరు ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇద్దరి మధ్య మాట బాగున్నప్పుడే మెయిల్ రాసి ఒప్పించుకోండి.

ఆర్డర్లు వాట్సాప్‌లో వచ్చుంటే ఆ చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, పాత ఫోన్ పారేయకండి. భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అప్పుడు అసలు ఫోన్ దగ్గరుంటే పని తేలికవుతుంది.

2. గడువు ఏ రోజుతో ముగిసిందో లెక్కకట్టండి

2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం)లోని సెక్షన్ 15 ఈ విషయంలో సూటిగా ఉంది. చెల్లింపు గడువు గురించి రాతపూర్వక ఒప్పందం లేకపోతే కొన్నవాళ్లు 15 రోజుల్లో కట్టాలి. ఒప్పందం ఉంటే అందులోని గడువు వర్తిస్తుంది, కానీ అది 45 రోజులు దాటకూడదు. పర్చేజ్ ఆర్డరు కింద చిన్న అక్షరాల్లో "90 రోజుల క్రెడిట్" అని ఉన్నా చట్టం ముందు అది 45 రోజులే.

రోజులు సరుకు అందిన నాటి నుంచి లెక్కకొస్తాయి. బిల్లు మీది తేదీ కాదు. జూన్ 1న సరుకు అందింది, ఒప్పందంలో 90 రోజులని ఉంది అనుకుందాం. గడువు జూలై 16తో ముగుస్తుంది. ఒప్పందమే లేకపోతే జూన్ 16లోగా డబ్బు రావాలి. సరుకులో లోపముందని కొన్నవాళ్లు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెబితే మాత్రం, ఆ లోపం మీరు సరిచేసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. అలా ఏమీ రాయకపోతే సరుకును ఒప్పుకున్నట్టే. ఆర్నెల్ల తర్వాత "క్వాలిటీ బాగాలేదు" అనేవాళ్లకు మీరివ్వాల్సిన జవాబు ఇదే.

ఈ రక్షణ అందరికీ లేదు. అమ్మినవాళ్లు ఉద్యం రిజిస్ట్రేషన్ (ఇలాంటి సంస్థలకు కేంద్రం చేసే నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయి ఉండాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పరిమితుల ప్రకారం చిన్న సంస్థ అంటే యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్లు దాటనిది. మధ్య తరహా సంస్థలకు ఈ సెక్షన్ వర్తించదు. కేవలం కొని అమ్మే ట్రేడర్లకు 2021 నుంచి ఉద్యం నంబరు ఇస్తున్నా, అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ఆలస్యపు చెల్లింపుల నిబంధనలు వాళ్లకు అక్కరకు రావు. అలాంటివాళ్లు ఆరు, తొమ్మిది మెట్ల మీద ఆధారపడాలి.

ఇంకో మాట. బాకీ ఇరుక్కున్నాక హడావుడిగా ఉద్యం తీసుకుంటే పాత సరఫరాకు అది పనికొస్తుందని ఆశపడొద్దు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని రిజిస్ట్రేషన్ ముందే ఉండాలన్న వైపు మొగ్గాయి. ఇంకా తీసుకోకపోతే ఈరోజే తీసుకోండి, ఫీజు ఏమీ లేదు. వచ్చాక ఆ నంబరును ప్రతి ఇన్వాయిస్ మీదా ముద్రించండి. "మీరు ఎంఎస్‌ఎంఈ అని మాకు తెలీదు" అనే సాకుకు అక్కడితో తావుండదు.

3. బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి

వసూళ్లలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన మెట్టు ఇదే. ఓనరుకు ఫోన్ చేస్తే "చూస్తానండి" అనే మాట తప్ప ఏదీ రాదు. బిల్లు ఏ టేబుల్ మీద ఉందో అకౌంట్స్‌లో కూర్చున్న మనిషికే తెలుసు. వారితో ఇలా మాట్లాడండి:

"నమస్తే అండి. మా బిల్లు నంబర్ 118, జూన్ 1వ తేదీది, మీ సిస్టమ్‌లో ఎక్కిందా చూసి చెబుతారా?"

"ఎక్కిందండీ, కానీ హోల్డ్‌లో ఉంది."

"ఎవరు హోల్డ్ పెట్టారండి, పర్చేజా, స్టోర్సా? కారణం ఏమని రాశారు?"

ఆ చివరి ప్రశ్న అడగకుండా ఫోన్ పెట్టేయకండి. డబ్బెప్పుడు వేస్తారని పదిసార్లు అడిగేకంటే, ఎందుకు ఆగిందని ఒక్కసారి అడగడం వల్ల పని ఎక్కువ జరుగుతుంది. సాధారణంగా వినపడే కారణాలు ఇవి:

బిల్లే అందలేదంటారు. మీరు పంపింది పర్చేజ్ మేనేజరుకు, ఆయన అకౌంట్స్‌కు ఫార్వర్డ్ చేయలేదు. ఆ ఫోన్‌లోనే అకౌంట్స్ మెయిల్ ఐడీ తీసుకుని చలానుతో సహా మళ్లీ పంపండి. అందినట్టు జవాబు వచ్చేదాకా వదలొద్దు.

ఆర్డరులో ఉన్న రేటుకూ బిల్లులో వేసిన రేటుకూ తేడా ఉందంటారు. మధ్యలో ముడిసరుకు ధర పెరిగిందని ఫోన్‌లో ఒప్పుకున్నారు, కానీ ఆర్డరును సవరించలేదు. సవరించిన ఆర్డరు అడిగి తెప్పించుకోండి. లేదా ఒప్పుకున్న మేరకు క్రెడిట్ నోట్ ఇచ్చి మిగతాది విడిపించుకోండి. మూడు వేల తేడా కోసం మూడు లక్షలు ఆపుకోవడం మంచిది కాదు.

మీ బిల్లు మా 2బీలో (కొన్న బిల్లుల గురించి జీఎస్టీ పోర్టల్ చూపే జాబితా) కనపడటం లేదంటారు. ఇది చాలాసార్లు నిజం, తప్పు మనదే. మీరు మూడు నెలలకోసారి రిటర్ను వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతిలో ఉంటే, మొదటి రెండు నెలల బిల్లులను తర్వాతి నెల 13వ తేదీలోగా ఐఎఫ్‌ఎఫ్‌లో (ఆ బిల్లుల కోసం జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న సదుపాయం) ఎక్కించాలి. ఎక్కించకపోతే త్రైమాసికం ముగిసేదాకా అవి కొన్నవాళ్లకు కనపడవు. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది జీఎస్టీకి వచ్చే తగ్గింపు) రాదు కాబట్టి చెల్లింపు ఆపుతారు. ఏప్రిల్ బిల్లుకు జూలై దాకా డబ్బు రాకపోవడానికి ఒక్కోసారి ఇదొక్కటే కారణం. పార్టీ అడగకముందే మీ అకౌంటెంటును అడగండి.

ఇక చివరిది, వాళ్ల దగ్గర నిజంగానే డబ్బు లేకపోవడం. దీన్ని ఎవరూ నోటితో చెప్పరు, గుర్తులు చూసి పోల్చుకోవాలి. ప్రతిసారీ కొత్త కారణం చెబుతారు, ఫోన్ ఎత్తే మనిషి మారిపోతాడు, అంతకుముందు మొత్తం ఒకేసారి వేసేవాళ్లు చిన్న చిన్న ముక్కలుగా వేస్తారు, అదే బజారులో మిగతా సప్లయర్లు కూడా గొణుగుతుంటారు. ఇలా కనపడితే రిమైండర్ల మీద నెలలు వృథా చేయకుండా నేరుగా ఐదు, ఆరు మెట్లకు వెళ్లండి. ముందు అడిగినవాళ్లకే ముందు డబ్బు దక్కుతుంది.

4. రిమైండర్లు

గడువుకు ఐదు రోజుల ముందు ఒక మెయిల్, గడువు నాడు ఒక ఫోన్, దాటిన ఏడో రోజున లెడ్జర్ జతచేసి ఇంకో మెయిల్, పదిహేనో రోజున ఓనరుకో ఫైనాన్స్ హెడ్‌కో ఫోన్. ఇంతకంటే ఎక్కువైతే విసుగు పుడుతుంది, తక్కువైతే మర్చిపోతారు.

చాలా కంపెనీలు వారంలో ఒక నిర్ణీత రోజునే చెల్లింపులు చేస్తాయి. అది ఏ రోజో కనుక్కుని, ముందురోజు పొద్దున ఫోన్ చేయండి. చెల్లింపుల జాబితా అప్పటికి తయారవుతూ ఉంటుంది, మీ పేరు చేర్చడం తేలిక. "వేసేశామండీ" అంటే యూటీఆర్ నంబరు (బ్యాంకు బదిలీకి వచ్చే గుర్తింపు సంఖ్య) అడగండి. నిజంగా వేసినవాళ్ల దగ్గర అది తప్పకుండా ఉంటుంది.

ప్రతి ఫోన్ తర్వాత రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "ఈరోజు మాట్లాడినట్టుగా, బిల్లు 118 మొత్తం రూ. 2,00,000 ఈ నెల 25లోగా చెల్లిస్తామన్నారు. ధన్యవాదాలు." ఫోన్‌లో అన్న మాట ఇలా తేదీ ఉన్న కాగితం అవుతుంది. వాళ్లు కాదని జవాబివ్వకపోతే తర్వాత అది మీ పక్షాన నిలుస్తుంది.

5. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం తెచ్చుకోండి

ఈ గైడులో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి. మామూలు వ్యాపార బాకీకి దావా వేసే కాలపరిమితి మూడేళ్లు. ఆ మూడేళ్లు ముగియకముందే బాకీ ఉన్నట్టు అవతలివాళ్లు రాసి సంతకం పెడితే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం ఆ సంతకం నాటి నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. ముగిశాక తెచ్చుకున్న సంతకానికి ఆ బలం ఉండదు. దీనికి రెండో ఉపయోగం ఇంకా పెద్దది. సంతకం పడిన తర్వాత మొత్తం గురించి వాదించే దారి దాదాపు మూసుకుపోతుంది.

లెటర్‌హెడ్ మీద ఇంత రాస్తే చాలు:

"31-03-2026 నాటికి మా ఖాతా పుస్తకాల ప్రకారం మీ నుంచి మాకు రావాల్సిన మొత్తం రూ. 4,86,320. బిల్లుల వారీ వివరాలు జతచేశాం. మీ పుస్తకాలతో సరిచూసి, సరిపోతే కింద సంతకం చేసి స్టాంపు వేసి పంపగలరు. తేడా ఉంటే ఏ బిల్లులో ఎంత, ఎందుకన్నది రాసి మీ లెడ్జర్ కాపీ జతచేయగలరు."

దీన్ని ఏప్రిల్‌లో పంపండి. ఆడిట్ కోసం వాళ్లకూ ఇలాంటి కాగితాలు కావాలి, కాబట్టి ఆ నెలలో అడిగితే అనుమానపడరు. గొడవ మొదలయ్యాక అడిగితే ఎవరూ సంతకం పెట్టరు.

వాళ్ల లెడ్జర్ వచ్చాక తేడాలు తప్పకుండా ఉంటాయి. ముందు టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) చూడండి. లక్ష రూపాయల పనికి 18 వేలు జీఎస్టీ వేసి 1,18,000కు బిల్లిచ్చారు. మీది కంపెనీ లేదా పార్ట్‌నర్‌షిప్ అయితే కాంట్రాక్టు పని మీద రెండు శాతం, అంటే రెండు వేలు మినహాయిస్తారు. మీకు రావాల్సింది 1,16,000. మిగతా రెండు వేలను బాకీ అని రాస్తూ పోతే ఏళ్ల తరబడి లెడ్జర్లు కలవవు. ఆ రెండు వేలు మీ 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను చూపే స్టేట్‌మెంటు) కనపడుతున్నాయో లేదో చూసుకోండి. డబ్బు ఇవ్వకపోయినా టీడీఎస్ మాత్రం కట్టి ఉంటే, మీ బిల్లును వాళ్లు పుస్తకాల్లో ఎక్కించుకున్నట్టే. ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. అదొక్కటే కేసు గెలిపించదు గానీ, "ఆ బిల్లే మాకు తెలియదు" అనేవాళ్ల నోరు మూయిస్తుంది.

6. కొత్త సరుకు, వాయిదాలు, చెక్కులు

పాత బాకీ మీద కొత్త అప్పు ఎక్కించడం వల్లనే చిన్న యూనిట్లు మునుగుతాయి. "ఈ లోడు పంపండి, పాతది కూడా కలిపి వేసేస్తాం" అంటే, పాతది పడ్డాక లోడు ఎక్కిస్తామని మర్యాదగా చెప్పండి. వదులుకోలేని పార్టీ అయితే కొత్త సరుకు మొత్తం అడ్వాన్సు మీద పంపి, ప్రతి లోడుతో పాటు పాత బాకీలో ఒక భాగం కట్టించుకోండి.

వాయిదాలకు ఒప్పుకుంటే కాగితం మీద ఒప్పుకోండి. అందులో మొత్తం బాకీ ఎంత, ఏ తేదీకి ఎంత, ఒక్క వాయిదా తప్పినా మిగతాదంతా వడ్డీతో ఒకేసారి చెల్లించాలి అనే మూడు విషయాలు ఉండాలి. మూడోది లేకపోతే తప్పిన వాయిదా కోసం మాత్రమే మీరు పోరాడగలరు. వ్యవధి ఆరు నెలలకు మించనివ్వకండి.

ప్రతి వాయిదాకూ చెక్కు తీసుకోండి. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 వర్తిస్తుంది. అక్కడ కేసులు పోయేది ఎక్కువగా తేదీల దగ్గరే. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చినట్టు బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసులో చెక్కు మొత్తాన్ని అక్షరం తేడా లేకుండా రాయండి. వడ్డీ, ఖర్చులు కలిపేసిన అంకె వేస్తే నోటీసే చెల్లకుండా పోవచ్చు. చెక్కిచ్చిన తర్వాత పార్టీ అందులో కొంత ఆన్‌లైన్‌లో వేస్తే, పాత చెక్కును పూర్తి మొత్తానికి బ్యాంకులో వేయకండి. దాన్ని తిరిగిచ్చి మిగిలిన మొత్తానికి కొత్తది రాయించుకోండి. కంపెనీ చెక్కయితే కంపెనీతో పాటు సంతకం చేసినవారికీ, వ్యవహారాలు చూసే డైరెక్టర్లకూ నోటీసు వెళ్లాలి.

కొన్నది పెద్ద కంపెనీ అయితే ట్రెడ్స్ (బిల్లుల మీద ముందే డబ్బు ఇప్పించే ఆన్‌లైన్ వేదికలు) గురించి అడగండి. ఆర్‌బీఐ అనుమతితో నడిచే ఈ వేదికల్లో ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటివి ఉన్నాయి. కొన్నవాళ్లు ఒప్పుకున్న బిల్లు మీద బ్యాంకులు వేలం పాడి మీకు ముందే డబ్బిస్తాయి. తర్వాత కంపెనీ కట్టకపోయినా మీ దగ్గరికి రారు. 250 కోట్లకు పైగా టర్నోవరు ఉన్న కంపెనీలు ఇందులో నమోదు కావాలని కేంద్రం ఆదేశించింది.

7. వడ్డీ లెక్కతో నోటీసు ఇవ్వండి

గడువు దాటి నెలన్నర అయినా కదలిక లేకపోతే, మీ లెటర్‌హెడ్ మీదే ఒక డిమాండ్ నోటీసు తయారుచేయండి. లాయరు తర్వాత. మొదటి నోటీసు మీ నుంచే వెళ్తే మాట్లాడుకునే దారి తెరిచే ఉంటుంది.

ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 16 ప్రకారం ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒప్పందంలో "వడ్డీ ఇవ్వబడదు" అని ఉన్నా ఇది వర్తిస్తుంది. బ్యాంకు రేటు అంటే మీ బ్యాంకు మీకిచ్చే లోను రేటు కాదు, రెపో రేటు కూడా కాదు. ఆర్‌బీఐ ఆ పేరుతోనే విడిగా ప్రకటించే అంకె. అది 5.5 శాతం అనుకుంటే మూడింతలు 16.5, నెలకు 1.375 శాతం. రెండు లక్షల బాకీ మీద మొదటి నెల 2,750 రూపాయలు, రెండో నెల 2,02,750 మీద 2,788. ఇలా ఆరు నెలలకు 17,078, ఏడాదికి సుమారు 35,600. ఈ పట్టిక బిల్లుల వారీగా నోటీసుకు జతచేయండి. వడ్డీ పెరుగుతున్న అంకె కళ్లముందు కనపడటం ఏ బెదిరింపు కంటే బాగా పనిచేస్తుంది.

నోటీసులో ఇంకో మూడు విషయాలు బెదిరించకుండా, గుర్తుచేస్తున్నట్టుగా రాయండి. ఆదాయపు పన్నులో 43బి(హెచ్)గా అందరికీ తెలిసిన నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు చట్టపు గడువు దాటి బాకీ పెడితే, ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. రెండోది జీఎస్టీ. ఇన్వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కివ్వాలి. మూడోది కంపెనీలకు మాత్రమే. 45 రోజులు దాటిన ఇలాంటి బాకీల వివరాలను ఎంఎస్‌ఎంఈ-1 ఫారంలో ఆరు నెలలకోసారి, అక్టోబర్ 31కీ ఏప్రిల్ 30కీ దాఖలు చేయాలి.

ఈ మూడూ ఓనరుకు తెలియకపోవచ్చు, వాళ్ల ఆడిటరుకు మాత్రం తప్పక తెలుసు. అందుకే నోటీసు కాపీ అకౌంట్స్‌కు కూడా పంపండి. ఎప్పుడు పంపాలో మీ చేతుల్లో ఉంటే ఫిబ్రవరి చివర, మార్చి మొదటి వారం మంచివి. మార్చి 31లోగా కడితే పన్ను మినహాయింపు ఈ ఏడాదే దక్కుతుంది కాబట్టి, వేరేవాళ్లను ఆపైనా మీకు వేస్తారు.

స్పీడ్ పోస్టులో, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు, మెయిల్‌కు ఒకేసారి పంపండి. రసీదు, డెలివరీ ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి దాచండి. కట్టడానికి 15 రోజులివ్వండి.

సోషల్ మీడియాలో పేరు పెట్టి రాయడం, వాళ్ల ఆఫీసు ముందు గొడవ చేయడం, పోలీసులతో ఫోన్ చేయించడం వద్దు. బిల్లు కట్టకపోవడం ఒక్కటే మోసం నేరం కాదు. పరువు నష్టం కేసు మీ మీదకే తిరిగితే, అసలు బాకీ పక్కకు పోతుంది.

8. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి

నోటీసు గడువు కూడా దాటితే ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 18 కింద, ఇలాంటి బాకీ వివాదాలు తేల్చే సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. 2017లో మొదలైన సమాధాన్ పోర్టల్ దీనికోసమే వచ్చింది. 2025 జూన్‌లో ఆన్‌లైన్ వివాద పరిష్కారానికి ఓడీఆర్ పోర్టల్ కూడా వచ్చింది. మీరున్న రాష్ట్రంలోని కౌన్సిల్‌కే వేయవచ్చు, కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా ఫర్వాలేదు. ప్రభుత్వ శాఖల మీద, ప్రభుత్వ రంగ సంస్థల మీద కూడా వేయవచ్చు.

ఉద్యం నంబరు, ఆర్డర్లు, బిల్లులు, చలాన్లు, లెడ్జర్, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్, నోటీసు, వడ్డీ పట్టిక స్కాన్ చేసి పెట్టుకుని కూర్చోండి. అసలు, వడ్డీ విడివిడిగా రాయండి, కలిపేయకండి. కొన్నవాళ్ల మెయిల్, చిరునామా తప్పుగా ఇస్తే నోటీసు తిరిగొచ్చి నెలలు పోతాయి. కంపెనీ అయితే కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో ఉన్న వివరాలే వాడండి. ఒకే పార్టీకి వేర్వేరు ఆర్డర్ల మీద సరుకిస్తే, ఆర్డరు వారీగా బిల్లులను వరుసలో పెట్టి చూపించండి.

కౌన్సిల్ ముందు రాజీకి పిలుస్తుంది. చాలా పార్టీలు ఇక్కడే దిగొస్తాయి. "అసలు కట్టేస్తాం, వడ్డీ వదిలేయండి" అంటారు. ఎంత వడ్డీ వదులుకోగలరో ముందే నిర్ణయించుకుని వెళ్లండి. అక్కడికక్కడే చెక్కో ఆన్‌లైన్ చెల్లింపో వచ్చేట్టయితే, వడ్డీలో కొంత వదులుకోవడం మంచి బేరమే. తేదీ లేని హామీకి మాత్రం పైసా వదలకండి. రాజీ కుదరకపోతే ఆర్బిట్రేషన్ (ఇరువైపులా విని తీర్పు చెప్పే ప్రక్రియ) మొదలవుతుంది. అప్పుడు కొన్నవాళ్లు ఎదురు క్లెయిమ్ కూడా వేయవచ్చు, అందుకే మొదటి మెట్టులో కట్టిన ఫైలు గట్టిగా ఉండాలి.

చట్టం ప్రకారం 90 రోజుల్లో తేల్చాలి. ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది, ఆ ఓపికతోనే మొదలుపెట్టండి. తీర్పు వచ్చాక మీ బలం తెలుస్తుంది. దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే తీర్పులోని మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. కాలయాపన కోసం అప్పీలుకు వెళ్లే అలవాటు ఉన్నవాళ్లను ఈ నిబంధన ఆలోచింపజేస్తుంది.

9. మిగతా దారులు

మొత్తం చిన్నదైతే, మీది ట్రేడింగ్ అయితే, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ ముందు పెట్టవచ్చు. కేసు వేయకముందే వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ మీద అప్పీలు ఉండదు. రాతపూర్వక ఒప్పందం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వేయవచ్చు. అందులో ప్రతివాది కోర్టు అనుమతి లేకుండా వాదించలేరు. మూడు లక్షలు, అంతకు మించిన వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వులు అడిగేది లేకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. ఆ మెట్టు దాటకుండా దావా వేస్తే తిప్పి పంపుతారు. దివాలా చట్టం కింద వెళ్లాలంటే కంపెనీ బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి, బిల్లు మీద అంతకుముందే వివాదం ఉండకూడదు. చిన్న యూనిట్లకు ఆ దారి అరుదుగా అక్కరకొస్తుంది.

ఏ దారి పట్టినా మూడేళ్ల గడువు తేదీని ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో రాసిపెట్టుకోండి.

10. డబ్బు పడిన రోజు

ఏ బిల్లు కోసం వేశారో పార్టీ చెప్పకపోతే, ఏ బాకీకి జమ కట్టుకోవాలన్నది మీ ఇష్టం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 60 ఆ హక్కు మీకిస్తోంది. అన్నిటికంటే పాత బిల్లుకు జమ కట్టుకుని, అదేరోజు మెయిల్ పెట్టండి: "అందిన రూ. 1,50,000ను బిల్లు 97కు పూర్తిగా, 104కు రూ. 62,000 మేరకు జమ చేశాం. మిగిలిన బాకీ రూ. 3,36,320."

కొంత మొత్తం ఇచ్చి "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసిన వోచరు మీద సంతకం అడుగుతారు. నిజంగా అంతటితో వదులుకోదలిస్తే తప్ప పెట్టకండి. డబ్బు కావాలి, సంతకం తప్పదు అనిపిస్తే, సంతకం పక్కనే మీ చేత్తో "పాక్షిక చెల్లింపు, మిగతా బాకీ కొనసాగుతుంది" అని తేదీ వేసి రాయండి. ఆ వోచరును అక్కడే నిలబడి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే వాళ్ల చేతికివ్వండి.